‘మీరజాలగలడా’ పాట ఎవరిది? తెనాలి సత్యభామ కథ



పోయిన వారం ఒక తమ్ముడు నాకో రీల్ పంపించాడు. న్యూయార్కులో ఎవరో కుర్రాడు చెక్కబల్ల మీద నిలబడి ట్యాప్ డాన్స్ చేస్తున్నాడు. బూటు అడుగున ముందు ఒక రేకు, మడమ దగ్గర ఒక రేకు. పక్కన డప్పు లేదు, పాట లేదు. ఆ రెండు కాళ్లే మద్దెల. కింద మనవాడు రాశాడు: "అన్నా, వీళ్లకి పాట, ఆట, మాట కలిసిన నాటకాలున్నాయి. అందులో వేషాలు వేసి, డాన్సులు కూర్చి, ఆ తర్వాత పిల్లలకి నేర్పి, జీవితమంతా దాని మీదే బతికినవాళ్లున్నారు. మనకి సినిమా తప్ప ఇంకేముందన్నా?"

వేరే ఎవరైనా అడిగితే సరేలే అనుకునేవాణ్ణి. ఈ తమ్ముడిది తెనాలి పక్కన ఊరు! అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నా ఊరి సంగతి చెప్పాలి. మాది కొల్లూరు. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు కాదండోయ్, అది పల్నాడు వైపు, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ప్రతి వీడియోకీ ఎవరో ఒకరు వజ్రాల గురించి అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. మాది కింద, డెల్టాలో, కృష్ణ గట్టు పక్కన ఉండే కొల్లూరు. మా దగ్గర దొరికేవి లంకల్లో పండే పసుపు, అరటి. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా ఏదైనా మాకు ఏం కావాలన్నా తెనాలే. పెళ్లి బట్టలు తెనాలి, ఆసుపత్రి తెనాలి, సినిమా తెనాలి. సినిమా కంటే ముందు, నాటకం తెనాలి.

మా నాయనమ్మ తన జీవితంలో చూసింది రెండే నాటకాలు. రెండూ తెనాలిలోనే, రెండూ పెళ్లికి ముందే, వాళ్ల మేనమామ బండి కట్టించి తీసుకెళ్తే. వాటి గురించి చెప్పేటప్పుడు ఆవిడ మాట తమాషాగా ఉండేది. "సత్యభామ వచ్చిందిరా, అబ్బ, ఎంత బాగా నడిచాడో!" అనేది. వచ్చింది, నడిచాడు. ఒకే వాక్యంలో. చిన్నప్పుడు నేను నవ్వేవాణ్ణి, నాయనమ్మకి మాట్లాడ్డం రాదని. పెద్దయ్యాక తెలిసింది, ఆ సత్యభామ పేరు స్థానం నరసింహారావు గారని.

అసలు ఆ నాటకం ఎలా ఉండేదో ముందు ఊహించుకోండి. రాత్రి తొమ్మిదీ పదింటికి మొదలైతే తెల్లారేదాకా. మైకులు ఇంకా రాని రోజులు, పెట్రోమాక్స్ దీపాలు. తెర పక్కన హార్మోనియం, తబలా. నటుడు మాట్లాడతాడు, మాట మధ్యలో పద్యం ఎత్తుకుంటాడు, రాగం తీస్తాడు, జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు, కథ అక్కడే ఆగిపోతుంది, పద్యం మళ్లీ మొదలవుతుంది. చచ్చిపోయిన పాత్రని కూడా లేపి పాడించేవాళ్లని పెద్దవాళ్లు జోకులేస్తారు. పద్యనాటకం అంటే ఇది. మ్యూజికల్ థియేటర్ అనే మాట మనం వాడలేదు గానీ, పని అదే. కాకపోతే బ్రాడ్‌వేలో పాట, అడుగు ముందే లెక్కగా కూర్చి ఉంటాయి, ఇక్కడ జనం ఎంత అడిగితే అంత.

స్థానం వారు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో అదే బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం కట్టాల్సిన మనిషి రాలేదు. ఈ కుర్రాణ్ణి నిలబెట్టారు. అలా మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మగవాళ్లు ఆడవేషం వేయడం అప్పట్లో వింతేం కాదు. ఇంకా గొంతు మారని, మీసం రాని పిల్లల్ని చూసి చీర కట్టేవాళ్లు. గొంతు బొంగురుపోయిన రోజున ఆ పిల్లాడి ఉద్యోగం కూడా పోయేది. మన నరసింహారావు గారు మొదలుపెట్టిందే పద్దెనిమిదేళ్లు వస్తుండగా. అంటే మిగతావాళ్ల ఆట ముగిసే వయసులో ఈయనది మొదలైంది. పసి ముఖం, లేత గొంతు అనే సౌకర్యం లేదు. ఉన్నదల్లా ఆడవాళ్లు ఎలా నడుస్తారు, ఎలా కోప్పడతారు, పైట ఎప్పుడు సర్దుకుంటారు, ఎప్పుడు సర్దుకోవడం మర్చిపోతారు అని చూసి చూసి నేర్చుకున్నది. దాని మీద ఆయన కొన్ని దశాబ్దాలు నిలబడ్డారు.

1921లో తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. ఆ రోజుల్లో తెనాలి ఎలాంటి ఊరంటే, వైద్యం చేసే డాక్టరు గారు కూడా సాయంత్రం వేషం కట్టేవారు. గోవిందరాజుల సుబ్బారావు గారు అలాంటి డాక్టరే. దుర్యోధనుడి వేషానికి మాధవపెద్ది వెంకటరామయ్య గారు ఉండేవారు. వీళ్ల మధ్య నరసింహారావు గారు ఒక్కో నాటకంలో ఒక్కో స్త్రీ అయ్యారు. హరిశ్చంద్రలో చంద్రమతి, కట్టుకున్నవాడు అమ్మేస్తున్నా ఎదురు చెప్పని ఇల్లాలు. సారంగధరలో చిత్రాంగి, సవతి కొడుకు మీద మనసుపడి, కాదన్నాడని వాడి ప్రాణం మీదికి తెచ్చిన రాణి. విప్రనారాయణలో దేవదేవి, భక్తుడి వ్రతం భంగం చేస్తానని పందెం వేసిన వేశ్య. రోషనార, మొగలుల ఇంటి ఆడపడుచు. కన్యాశుల్కంలో మధురవాణి, మగవాళ్లందరి కంటే తెలివైనది. వీళ్లలో ఏ ఇద్దరూ ఒకలా నడవరు కదా. చంద్రమతి నడకతో మధురవాణి వస్తే నాటకం పోతుంది. గొంతు ఒక్కటే, ఒళ్లు ఒక్కటే, మనుషులు మాత్రం అందరూ వేరు. డాన్స్ అంటే అడుగులే కదా అనుకునే తమ్ముళ్లకి నేను చెప్పేది ఇదే: ఒక మనిషి తెర పక్కనుంచి మధ్యదాకా నడిచి వచ్చే ఆ పది అడుగులు కూడా కూర్చిన ఆటే.

అన్నిటికంటే పేరు తెచ్చింది సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారం. కథ తెలుసు కదా: కృష్ణుడు తనకే సొంతమని సత్యభామ ధీమా, నారదుడు వచ్చి వ్రతం అంటాడు, కృష్ణుణ్ణి దానం ఇప్పిస్తాడు, తిరిగి కొనుక్కోవడానికి నగలన్నీ త్రాసులో వేసినా చాలవు, చివరికి రుక్మిణి వేసిన తులసిదళానికి త్రాసు తూగుతుంది. ఆ ధీమా ఉంది చూశారా, నా ఆజ్ఞ ఆయన దాటగలడా అనే ధీమా, దాని కోసం నరసింహారావు గారు తనే ఒక పాట రాసుకున్నారు. అదే ‘మీరజాలగలడా’.

అవునండీ. మీరు రీల్స్‌లో వాడే పాట. అమ్మాయిలు జడ ముందుకేసుకుని కళ్లు తిప్పే పాట. గూగుల్ చేస్తే 1966 సినిమా, సుశీలమ్మ గొంతు, జమున గారి ముఖం వస్తాయి. పాట రాసిన మనిషి పేరు చూడాలంటే ఇంకాస్త కిందికి వెళ్లాలి. సినిమా కంటే ఎన్నో ఏళ్ల ముందు తెనాలి నాటకం వాళ్ల కోసం ఒక మగమనిషి తన నోటికి సరిపడా కట్టుకున్న పాట అది. ఆ ఒక్క పల్లవినీ ఆయన మళ్లీ మళ్లీ అంటుంటే ఒకసారి గర్వం, ఒకసారి సిగ్గు, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి లోపల చిన్న భయం కనిపించేవని నాయనమ్మ చేతులు తిప్పుతూ చూపించేది. ఆవిడ చూసేనాటికి ఆయనకి నలభై దాటాయి. సత్యభామకి పదహారు!

ఆయన్ని రంగూన్ దాకా పిలిపించుకుని బంగారు కిరీటం పెట్టారు. అప్పట్లో బర్మాలో మన తెలుగువాళ్లు, ముఖ్యంగా కోస్తా నుంచి కూలికి వెళ్లినవాళ్లు, వేలకొద్దీ ఉండేవాళ్లు. ఇప్పుడు డల్లాస్‌కి మన ఆర్టిస్టుల్ని పిలిచినట్టే అనుకోండి. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలు ‘నటస్థానం’ అని పుస్తకంగా రాశారు. సినిమాల్లోనూ కనిపించారు గానీ అక్కడ రాణించలేదు. నాకైతే ఆశ్చర్యం లేదు. కెమెరా దగ్గరికొచ్చి ముఖం చూస్తుంది. ఆయన కళ అంతా ఎదురుగా కూర్చున్న జనం దూరం నుంచి చూసేలా కట్టుకున్నది.

పైగా సినిమాకి ఆయన అవసరం ఏముంది? ఆడవాళ్లు వచ్చేశారు కదా. దీనికి ఒక మంచి లెక్క చూపిస్తాను. రంగస్థలం మీద కన్యాశుల్కంలో మధురవాణి స్థానం వారు. 1955లో అదే కన్యాశుల్కం సినిమాగా తీశారు. లుబ్ధావధాన్లు ఎవరు? తెనాలి డాక్టరు గారే, గోవిందరాజుల. మరి మధురవాణి? సావిత్రి. నాటకంలో మగవేషం వేసినాయన మగవేషంతోనే తెరకెక్కాడు. ఆడవేషం మాత్రం ఆడమనిషికి వెళ్లింది. న్యాయమే కదా, అలాగే వెళ్లాలి. కానీ ఒక మనిషి జీవితమంతా మెరుగుపెట్టిన పని, తప్పేమీ లేకుండానే, కాలం మారి అక్కర్లేనిదైపోయింది. ఇది చదివినప్పుడు నాకు ఎవరి పక్షాన నిలబడాలో తెలియలేదు. నిజంగా తెలియలేదు.

ఇక్కడే తమ్ముడు పంపిన ట్యాప్ డాన్స్ నాకు పనికొచ్చింది. అది ఎక్కడ పుట్టిందో చూడండి. అమెరికాలో బానిసలుగా బతికిన ఆఫ్రికా మనుషుల కాళ్లలో. 1739లో సౌత్ కెరొలినాలో బానిసలు తిరగబడితే, మరుసటి ఏడాదే చట్టం చేసి వాళ్లు డప్పులు వాయించకుండా చేశారు. డప్పు లాక్కుంటే దరువు చేతుల్లోకి, కాళ్లలోకి దిగింది. తర్వాత ఐర్లండ్ నుంచి వచ్చిన పేదవాళ్ల జిగ్ ఆటతో కలిసింది. 1842లో చార్లెస్ డికెన్స్ న్యూయార్కు వెళ్లి ఒక నల్లజాతి కుర్రాడి ఆట చూసి అబ్బురపడి రాశాడు. ఆ కుర్రాడే జూబా అని పేరుపడ్డ విలియం హెన్రీ లేన్ అంటారు. కానీ ఆ రోజుల్లో వేదికల మీద ఎక్కువగా ఆడింది ఎవరు? ముఖానికి మసి పూసుకున్న తెల్లవాళ్లు. నల్లవాళ్ల ఆట కావాలి, నల్లవాళ్లు మాత్రం వద్దు. చివరికి నల్లవాళ్లు రాసి, పాడి, ఆడిన ‘షఫిల్ అలాంగ్’ అనే మ్యూజికల్ బ్రాడ్‌వేలో గట్టిగా నిలబడింది 1921లో. అదే ఏడాది మన నరసింహారావు గారు తెనాలి సభలో చేరారు. రెండిటికీ సంబంధమేం లేదు, తేదీ కలిసింది, అంతే.

తేడా కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మసి పూసుకున్నవాళ్లు నల్లవాళ్లని వెక్కిరించడానికి ఆడారు. స్థానం వారు ఆడదాన్ని వెక్కిరించలేదు. ఆయన్ని చూసి ఆడవాళ్లు ఏడ్చారు, మురిసిపోయారు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ వేదిక మీదికి ఆడవాళ్లని ఎందుకు రానివ్వలేదు?

అసలు మన దగ్గర ఆడవాళ్లు ఆడలేదా అంటే, ఆడారు. కడప జిల్లాలో 1885 ప్రాంతంలో మొదలైన సురభి నాటకాల కుటుంబాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. ఇటు కోస్తాలో కలావంతులు తరతరాలుగా ఆడారు, పాడారు. సత్యభామ వేషం, జడ, భామాకలాపం, ఇవన్నీ వాళ్ల ఇళ్లలోనూ ఉన్న విద్య. పెళ్లిళ్లలో మేళం కావాలి, ఆ మేళం ఆడిన మనిషిని మాత్రం ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టరు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. పిల్లల్ని గుడికి ముడిపెట్టడం ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ మార్పుల మధ్య వాళ్ల ఆటకీ చోటు పోయింది, ఆడినవాళ్ల పేర్లూ పోయాయి. సత్యభామగా ఆడిన మగవాడికి పద్మశ్రీ, సత్యభామగా ఆడిన ఆడదానికి తిట్టు. ఇద్దరూ ఒకే కాలం వాళ్లు. ఇందులో స్థానం వారి తప్పేం లేదు. అయినా ఈ లెక్క చెప్పకుండా ఆయన కథ చెప్పకూడదు.

ఇప్పుడు కృష్ణ దాటుదాం. మాకు అవతలి గట్టున కృష్ణా జిల్లా, అక్కడ మొవ్వ పక్కన కూచిపూడి. అక్కడా అదే సత్యభామ, అదే పద్ధతి. మేళంలో అందరూ మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, 1935లో పుట్టారు, ఆడవేషానికి ఆయన తర్వాతే ఎవరైనా అంటారు. 1970లో పద్మశ్రీ. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి జడ బయటికి వేస్తుంది. నన్ను ఓడించేవాళ్లెవరైనా ఉంటే రండి అని సవాలు. ఆ జడ వేసే మగవాళ్ల వరసలో ఆయన పెద్ద పేరు.

అదే ఊళ్లో 1929లో పుట్టిన వెంపటి చినసత్యం గారు వేరే దారి పట్టారు. తమ్ముడు రాసిన మాట గుర్తుందా, వేషం, కూర్పు, నేర్పడం? ఆ మూడూ ఒక్క మనిషిలో చూడాలంటే ఈయనే. కుర్రతనంలో మద్రాసు వెళ్లి, అన్నయ్య వరసైన వెంపటి పెదసత్యం గారి దగ్గర సినిమా డాన్సుల్లో పనిచేశారు. సినిమా తిండి పెట్టింది. కానీ 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి అమ్మాయిలకి నేర్పడం మొదలుపెట్టారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, చండాలిక, ఇలా నృత్యనాటకాలు ఒకదాని తర్వాత ఒకటి కూర్చారు. తరతరాలుగా మగవాడు కట్టిన సత్యభామ వేషాన్ని తీసి అమ్మాయి చేతికిచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న శోభానాయుడు గారు సత్యభామగా దేశదేశాలు తిరిగారు. ఆవిడా హైదరాబాద్‌లో బడి పెట్టి పిల్లలకి నేర్పారు. చినసత్యం గారికి 1998లో పద్మభూషణ్. ఆయన, వేదాంతం వారు ఇద్దరూ 2012లోనే పోయారు, కొన్ని నెలల తేడాతో.

మళ్లీ మన పాట దగ్గరికి. 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమా. కృష్ణుడు రామారావు గారు, సత్యభామ జమున గారు. జమున పెరిగింది ఎక్కడో తెలుసా? దుగ్గిరాలలో. తెనాలి నుంచి విజయవాడ రైలెక్కితే దారిలో వచ్చే ఊరు. చిన్నప్పుడు నాటకాలాడిన పిల్లే. స్థానం వారి పాటని సుశీలమ్మ పాడారు, జమున ఆడారు. ఆడమనిషి కోసమని మగమనిషి రాసుకున్న మాటలు చివరికి ఆడమనిషి నోటికి వచ్చాయి. అప్పటికి ఆయన బతికే ఉన్నారు, అరవై దాటాయి. 1971లో పోయారు.

మా నాయనమ్మ ఆ సినిమా చూసింది. ఎలా ఉందని అడిగితే, "జమున బానే చేసింది. స్థానం వారు ఇంకా ఆడదానిలా చేసేవాడు" అంది. ఈ మాట మీద మా అత్తయ్యకీ నాయనమ్మకీ ఎన్నిసార్లు గొడవైందో. ఆడదాని కంటే ఆడదానిలా మగవాడు చేయడమేంటమ్మా, నువ్వు చిన్నప్పుడు చూసింది అదే కాబట్టి అదే ఒప్పు అనిపిస్తోంది అని అత్తయ్య. నువ్వు చూడలేదు, ఊరుకో అని నాయనమ్మ. నేను అత్తయ్య పక్షం. కానీ నేనూ చూడలేదు కదా.

ఇంకో సంగతి. నాయనమ్మకి తులాభారం పద్యాలు చాలా వచ్చు. రెండుసార్లు చూసిన నాటకంలో పద్యాలు అన్నెలా వచ్చాయంటే, వీధిలో ఎవరి గ్రామఫోనో వాగుతుంటే గోడవతల నిలబడి నేర్చుకుందట. గొంతు బాగుండేది. పసుపు వండేటప్పుడు పొయ్యి దగ్గర పాడుకునేది, పక్కన ఆడవాళ్లు మాత్రమే ఉంటే. తాతయ్య చెప్పుల చప్పుడు వినపడితే ఆపేసేది. సంసారులు నాటకం పాటలు పాడరని ఆయన పట్టుదల. మరి ఆయన తెనాలి వెళ్లి చూడని నాటకం లేదు!

పోయేముందు ఏడాది ఫోన్ పెట్టి రికార్డు చేశాను. మొదట ఒప్పుకోలేదు, పళ్లు లేవురా అంది. తర్వాత మొదలుపెట్టింది. వెనక కుక్కరు విజిల్ వినిపిస్తుంది, వీధిలో ఐస్ బండి గంట వినిపిస్తుంది. పల్లవి రెండుసార్లు అంది, రెండోసారి కాస్త వేరుగా, ముక్కు ఎగరేసి. మూడోసారి ఎత్తుకోబోయి ఠక్కున ఆగి గుమ్మం వైపు చూసింది. "ఎవరో వస్తున్నార్రా, ఆపు" అంది. తాతయ్య పోయి అప్పటికి పదకొండేళ్లు.

మీ ఇంట్లో తొంభై దగ్గరపడ్డవాళ్లు ఉంటే, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఆ నాటకాలు చూసినవాళ్లుంటే, ఈ ఆదివారమే ఫోన్ పెట్టి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో మాధవపెద్ది వెంకటరామయ్య గారి దుర్యోధనుడి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.